ఒక్క మాటకి ఎన్ని అడుగులు?

ప్రభుత్వంలో సరిహద్దు రాళ్ల శాఖ అని ఒకటి ఉండేది. ఊరికీ ఊరికీ మధ్య పాతిన రాళ్లు పాతిన చోటే ఉన్నాయో లేదో చూడడం దాని పని. రాళ్లు ఎక్కడికీ వెళ్లేవి కావు. ఆ సంగతి ఏటా పైకి రాసి పంపేవారు. పైవాళ్లు సంతోషం వెలిబుచ్చేవారు. అంత ప్రశాంతంగా సాగుతున్న శాఖకి డైరెక్టరుగా త్రివిక్రమమూర్తిగారు వచ్చారు. తల్లిదండ్రులు మూడడుగుల్లో లోకాలన్నీ కొలిచేసినవాడి పేరు పెట్టినా, ఆయన దారి వేరు.

వచ్చిన కొత్తలోనే ఆయన కొండమీది హోటల్లో ఏదో శిక్షణకి వెళ్లారు. అక్కడొక గురువుగారు అధికారులందరి చేతా గ్లాసుడు మజ్జిగ చెంచాతో తాగించి, "చూశారా? ఎంత పెద్ద పనైనా చిన్న ముక్కలు చేసుకుంటే భయం పోతుంది" అన్నారట. మజ్జిగంటే అంతకుముందు ఎవరికీ భయం లేదు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. త్రివిక్రమమూర్తిగారు మాత్రం చప్పట్లతో ఊరుకోలేదు. కొండ దిగుతూ కార్లోనే ఉత్తర్వు చెప్పి రాయించారు.

గోదావరి పక్కనున్న జిల్లా ఆఫీసులో ఆ ఉత్తర్వును సూపరింటెండెంటు పరబ్రహ్మంగారు నిలబడి చదివారు.

"ఉద్యోగి కార్యాలయములో పని వాయిదా వేయుటకు మూలము అతడు ఇంటివద్ద స్వంత పని వాయిదా వేయు దురలవాటేనని శాఖ గాఢముగా విశ్వసించుచున్నది. కావున ప్రతి ఉద్యోగియు తాను చిరకాలముగా వాయిదా వేయుచున్న స్వంత పనిని ఒకదానిని బహిరంగముగా ప్రకటించవలెను. దానిని చిట్టి అడుగులుగా విభజించి, అడుగడుగునకును ముందస్తు ఆమోదము పొంది, తదుపరి అడుగు వేయవలెను. ఆమోదము లేని అడుగు అడుగుగా పరిగణింపబడదు."

వింటున్నవాళ్లలో సీనియర్ అసిస్టెంటు గుత్తుల సోమరాజు చెమటలు తుడుచుకున్నాడు. వాయిదా అన్న మాట వింటే అతనికి ఎవరో ఇంటిపేరు పెట్టి పిలిచినట్టుంటుంది. నలభై దాటినా పెళ్లి కాలేదు. కాలేదంటే సంబంధాలు రాక కాదు. వచ్చిన ప్రతి సంబంధానికీ "ఆలోచించి చెబుతానండి" అనేవాడు. అతను ఆలోచించి చెప్పే వేళకి ఆ అమ్మాయిలు పిల్లల్ని బళ్లో చేర్పిస్తూ కనిపించేవారు.

ఇప్పుడు అతను వాయిదా వేస్తున్న పని తపాలా సెక్షన్లో కిటికీ పక్కన కూర్చుని కవర్లకి స్టాంపులు అంటిస్తోంది. ఆవిడ పేరు హైమావతి. భర్త పోయిన తర్వాత ఆయన ఉద్యోగం ఆవిడకిచ్చారు. పిల్లల్లేరు. ఎవరితోనూ అనవసరంగా మాట్లాడదు, అవసరమైన మాట మింగదు. స్టాంపులు నాలికతో తడుపుకుంటోందని చూసి, సోమరాజు ఒకరోజు తడి స్పాంజి ముక్క ఒకటి ఆవిడ బల్లమీద పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆవిడతో ఒక మాట చెబుదామని రోజూ అనుకుంటున్నాడు. రోజూ సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతున్నాడు.

పరబ్రహ్మంగారు ఒక్కొక్కరినీ పిలిచి అడగడం మొదలెట్టారు. ముందు తన పనే ప్రకటించుకున్నారు. "క్షవరం. చాలాకాలంగా పెండింగులో ఉంది." జీపు డ్రైవరు నూకరాజు, "పిప్పిపన్ను పీకించుకోవాలండి" అన్నాడు. హైమావతి వంతు వచ్చింది.

"నాకేం లేవండి" అంది ఆవిడ. "పని కనిపిస్తే అప్పుడే చేసేస్తాను."

పరబ్రహ్మంగారు కళ్లజోడు తీసి ఆవిడ వంక అనుమానంగా చూశారు. "అలాగైతే పథకంలో మీకు చోటు ఎక్కడిస్తామమ్మా? సరే, మిమ్మల్ని పర్యవేక్షకురాలిగా వేస్తున్నాను. అందరి అడుగులూ మీరే చూడాలి."

చివరికి సోమరాజు లేచాడు. అబద్ధం చెబుదామనుకుని నోరు తెరిస్తే, ఆ అబద్ధం కూడా సమయానికి తట్టలేదు. "ఒకరికి... ఒక మాట చెప్పాలండి" అనేశాడు.

"ఎవరికి? ఏం మాట?"

"అది తర్వాతి అడుగుల్లో వస్తుందండి."

పథకం ఆత్మని ఇంత లోతుగా గ్రహించినవాడు జిల్లాలో ఇంకొకడు లేడని పరబ్రహ్మంగారు అక్కడికక్కడే మెచ్చుకున్నారు. మాట చెప్పడం అనే పనిని డైరెక్టరుగారి ఆఫీసు ముక్కలు చేసి పంపింది. సంకల్పించుట, లేచుట, నడచుట, ఎదుట నిలుచుట, నోరు తెరచుట, పలుకుట. పలుకుటలో మళ్లీ అక్షరానికి ఒక అడుగు.

ఇక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం సోమరాజు హైమావతి బల్ల దగ్గరికి వెళ్లి, హైమావతికి మాట చెప్పే పని ఎంతదాకా వచ్చిందో హైమావతికే చెప్పుకోవలసి వచ్చింది.

"సంకల్పించారా?" అంది ఆవిడ మొదటి శుక్రవారం, ఫ్లాస్కులోంచి అతనికీ కొంచెం యాలకుల టీ పోస్తూ.

"బాగా సంకల్పించానండి."

"మరింకేం, లేచి వెళ్లి చెప్పెయ్యరాదూ?"

"లేవడానికి ఆమోదం రాలేదండి."

ఆమోదం వచ్చే లోపల చిక్కు వచ్చింది. 'లేచుట' అన్నది ఒక్క అడుగు కాదనీ, అందులో చేతులు ఆనించుట, బరువు మోకాళ్లమీదికి తెచ్చుట, వెనకభాగము కుర్చీనుండి విడివడుట అనే ఉప అడుగులున్నాయనీ పైనుంచి సవరణ వచ్చింది. శుక్రవారం శుక్రవారం సోమరాజు చేతులానించి కూర్చునేవాడు. ఆవిడ టీ పోసేది. ఇద్దరూ ఊళ్లో నీళ్లు రాని సంగతీ, బస్సులు ఆలస్యమయ్యే సంగతీ మాట్లాడుకునేవారు. అతనికి ఆ పథకం మీద కోపం తగ్గుతూ వచ్చింది. ఆవిడ ఎదురుగా ఇంతసేపు కూర్చోవడానికి ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చాక తొందరేముంది?

ఒక శుక్రవారం ఆవిడ ఉన్నట్టుండి అడిగింది. "మీరు చెప్పాల్సింది ఆడమనిషికా?"

సోమరాజు చేతిలో టీ చొక్కామీద ఒలికింది. హైమావతి దాన్నే జవాబుగా తీసుకుంది. పాత గుడ్డముక్క అందించి, "తుడుచుకోండి" అంది. ఫ్లాస్కు మూత బిగిస్తూ, "ఆవిడెవరో గానీ, ఎక్కువకాలం ఎదురుచూడనివ్వకండి. ఎదురుచూడడం తేలిక కాదు" అంది.

ఆవిడ గొంతు ఎందుకు మారిందో సోమరాజుకి అర్థం కాలేదు. మాట చెప్పవలసిన మనిషి ఇంకెవరో అని ఆవిడ అనుకుంటోందన్నది అతని ఊహకే రాలేదు. తన మనసులో రాత్రీ పగలూ మోగుతున్న పేరు ఎదుటివాళ్లకి వినపడకుండా ఎలా ఉంటుంది అని అతని లెక్క.

ఈలోగా పథకం ఊపందుకుంది. పరబ్రహ్మంగారి క్షవరంలో మొదటి అడుగుగా ఎడమ భాగం మంజూరయింది. ఆయన మంగలి షాపుకెళ్లి ఎడమవైపు మటుకే చేయించుకుని వచ్చారు. కుడి భాగానికి సంబంధించిన కాగితం రాజధానిలో ఎక్కడో ఆగిపోయింది. ఎడమవైపు నుంచి చూస్తే ఆయన పెళ్లికి బయల్దేరిన కుర్రాడిలా, కుడివైపు నుంచి చూస్తే సన్యాసం పుచ్చుకోబోయే గృహస్థులా ఉండేవారు. ఆఫీసుకి వచ్చే జనం ఏ తలుపులోంచి వస్తే ఆ మనిషి కనబడేవాడు. ఎడమవైపు మనిషితో మాట్లాడి వెళ్లిన రైతు ఒకాయన, మర్నాడు కుడివైపు నుంచి వచ్చి, "పాత సూపరింటెండెంటుగారు నయమండీ" అని ఆయనతోనే చెప్పుకున్నాడు.

నూకరాజుది వేరే కథ. అతని పన్నుకి మొదటి అడుగుగా 'పంటి చిగురును మానసికముగా సిద్ధపరచుట' మంజూరు చేశారు. నూకరాజు ఒక రాత్రి సిద్ధపరిచాడు. రెండో రాత్రి గోడకి తల బాదుకున్నాడు. తెల్లారాక పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి పీకించేసుకుని, నవ్వుతూ డ్యూటీకొచ్చాడు.

మెమో రావడానికి మాత్రం ఏ అడుగులూ పట్టలేదు. 'పన్నును యావత్తూ ఒకేసారి తీయించుకొనుట ద్వారా పథక స్ఫూర్తికి తీరని విఘాతము కలిగించినందున, పన్నును తక్షణమే యథాస్థానమునందుంచి, తదుపరి ఉత్తర్వులకై వేచియుండవలెను.'

నూకరాజు పొట్లం కట్టిన పన్నును పరబ్రహ్మంగారి బల్లమీద పెట్టాడు. "ఆయ్, పెట్టమంటే పెడతానండి. ఎలా నిలబడుద్దో మీరే సెలవియ్యాలి."

"గమ్ముతో అంటించి చూడకూడదా?" అన్నారు పరబ్రహ్మంగారు. కుడివైపు జుట్టు కంట్లో పడుతుంటే తోసుకుంటూ చాలా నిజాయితీగానే అన్నారు.

ఆ మెమో చూశాక ఆఫీసులో ఎవరూ ఏ పనీ పూర్తి చేయలేదు. ఒకాయన ఇంటి గోడకి సున్నం వేయిస్తూ సగంలో ఆపేశాడు. ఇంకొకాయన ఇంట్లో రాసిచ్చిన చీటీ చదివి, సరుకుల్లో ఉప్పు మాత్రం తెచ్చి, పప్పుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. వాయిదా జబ్బు పూర్తిగా నయమైందని జిల్లా నుంచి నివేదిక వెళ్లింది. ఎవరూ ఏదీ వాయిదా వేయడం లేదు, అందరూ ఆమోదం కోసం ఆగి ఉన్నారు.

హైమావతి బదిలీకి దరఖాస్తు పెట్టిందని సోమరాజుకి నూకరాజు చెప్పాడు. నల్లకొండపాడు అని, మన్యం లోపల ఎక్కడో శాఖకి చిన్న ఆఫీసు ఉంది. అక్కడికి వెళ్లడానికి ఎవరూ ఇష్టపడరు. కావాలని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

శుక్రవారం దాకా ఆగలేక సోమరాజు అప్పుడే వెళ్లాడు. "ఏంటండీ ఇది? అంత దూరం ఎందుకండీ?"

"మార్పు కావాలనిపించిందండి."

"ఇక్కడ ఎవరైనా ఏమైనా అన్నారా?"

ఆవిడ స్పాంజి మీద వేలు ఒత్తుతూ, "ఎవరూ ఏమీ అనలేదండి" అంది. "అదే."

బదిలీని కూడా చిట్టి అడుగుల్లోనే అమలు చేయాలని డైరెక్టరుగారు ముచ్చటపడి స్వయంగా రాశారు. మొదటి అడుగుగా ఆవిడ కుర్చీని బదిలీ చేశారు. కుర్చీ లారీ ఎక్కి నల్లకొండపాడు వెళ్లి, అక్కడ రిజిస్టర్లో చేరినట్టు రాయించుకుంది. మనిషి బదిలీ కాలేదు కాబట్టి హైమావతి రోజూ ఆఫీసుకొచ్చి నిలబడి కవర్లు అంటించింది. కుర్చీ జిల్లాలో లేదు కాబట్టి ఆవిడకి ఇక్కడ ఇంకో కుర్చీ ఇవ్వడానికి రూలు లేదు.

అది చూడలేక ఒక సాయంత్రం సోమరాజు తన కుర్చీ ఎత్తుకెళ్లి ఆవిడ వెనక పెట్టాడు.

"మీరు?" అంది ఆవిడ.

"నాకు నిలబడ్డం ఇష్టమండి."

మర్నాడు అతనికి మెమో వచ్చింది. లేచుట, నడచుట, ఎదుట నిలుచుట అనే మూడు అడుగులనూ ఆమోదం లేకుండా ఒకే సాయంత్రం వేసినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. సోమరాజు దాన్ని చదువుకుని, చొక్కా జేబులో పెట్టుకుని, చాలాసేపు కిటికీ వంక చూశాడు. నిజమే, మూడడుగులు వేసేశాడు. అతనికే తెలియలేదు.

తర్వాత బల్ల వెళ్లింది. ఇక మిగిలింది మనిషే.

అంతలో పథకం విజయాన్ని కళ్లారా చూడడానికి త్రివిక్రమమూర్తిగారు జిల్లాకి వచ్చారు. టౌన్‌హాల్లో సభ. వేదికమీద పూలదండలు, వెనక పెద్ద బ్యానరు. పరబ్రహ్మంగారిని వేదికకి ఎడమ చివర కూర్చోబెట్టారు, జనానికి క్షవరం అయిన వైపు కనిపించేలాగ.

డైరెక్టరుగారు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. "ఈ జిల్లాలో ఒక్క పని కూడా తొందరపాటుతో పూర్తికాలేదని తెలియజేయడానికి గర్విస్తున్నాను. అందుకు నిదర్శనంగా ఇప్పుడు శ్రీ సోమరాజు తమ అయిదవ అడుగైన నోరు తెరచుటను మీ సమక్షంలో ప్రదర్శిస్తారు. అదే శుభసమయాన శ్రీమతి హైమావతి బదిలీలో ఆఖరి అడుగు మీద నేను సంతకం చేస్తాను. రేపు ఉదయం బస్సుకి ఆమె బయలుదేరతారు."

సోమరాజు వెళ్లి మైకు పక్కన నిలబడ్డాడు. బదిలీ కాగితం పట్టుకుని హైమావతి వేదికమీదికి వచ్చి ఆయన ముందు పెట్టింది. ఆవిడ మొహంలో ఏమీ కనిపించలేదు. పెన్ను మూత తీసి మాత్రం ఇవ్వలేదు. ఆయనే తీసుకున్నారు.

"తెరవండి, సోమరాజుగారూ" అన్నారు డైరెక్టరుగారు. "నోరు మాత్రమే సుమా. మాట వద్దు. మాటకి విడిగా ఆమోదం రావాలి."

సోమరాజు నోరు తెరిచాడు. హాలంతా చప్పట్లు. ఫోటో తీశారు. డైరెక్టరుగారు తృప్తిగా తలూపి, తన సిద్ధాంతం ప్రకారం సంతకాన్ని కూడా ముక్కలుగానే మొదలుపెట్టారు. 'త్రి' అని రాసి ఆగారు. జనం వంక చూసి చిరునవ్వు నవ్వారు. 'వి' రాశారు.

నోరు తెరుచుకుని నిలబడ్డ సోమరాజుకి ఆ పెన్ను కదలడం కనిపించింది. రేపు పొద్దున్న బస్సు. ఆ కిటికీ పక్కన బల్ల ఇప్పటికే లేదు, ఇక మనిషీ ఉండదు. వచ్చే శుక్రవారం ఉండదు. తెరిచిన నోరు ఎలాగూ తెరిచే ఉంది.

"హైమావతిగారూ, వెళ్లకండి. నేను చెప్పాల్సింది మీకేనండి. నన్ను పెళ్లి చేసుకోండి. మీరు ఆ కిటికీ దగ్గర లేకపోతే నేను ఆ ఆఫీసుకి ఎందుకు రావాలో నాకు తెలియదండి."

ఒక్క ఊపులో అన్నాడు. మైకు దగ్గరగా ఉండడం వల్ల ఆ మాట హాలు బయట సోడాబండి దాకా వినిపించింది.

హైమావతి అతని వంక తిరిగింది. "మాట చెప్పాల్సిన మనిషిని నేనేనా?"

"అవునండి."

"మరి నాచేత ఇన్ని శుక్రవారాలు టీ పోయించుకుంటూ, ఎవరికో చెప్పెయ్యండి చెప్పెయ్యండి అని బతిమాలించుకున్నారేంటండీ! ఆవిడెవరో చూడలేకే కదా నేను ఆ అడవికి పోతానని రాసిచ్చాను!" కళ్లలో నీళ్లు, గొంతులో కోపం, రెండూ కలిసి ఆవిడకి మాట తడబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "సరేనండి. చేసుకుందాం."

హాల్లో ముందు నూకరాజు ఈల వేశాడు. పన్ను లేని చోటు నుంచి గాలి ధారాళంగా రావడంతో అది చాలా గొప్ప ఈల అయింది. తర్వాత హాలంతా లేచింది.

త్రివిక్రమమూర్తిగారి చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఏమిటిది?" అన్నారు పరబ్రహ్మంగారి వైపు తిరిగి. "ఇది ఎన్నో అడుగు?"

పరబ్రహ్మంగారు కాగితాలు అటూ ఇటూ తిరగేసి, చివరికి వదిలేశారు. "అన్నీనండి" అన్నారు. "ఆవిడవి కూడా."

అక్కడికక్కడే ఇద్దరిమీదా విచారణకి ఆదేశాలయ్యాయి. డైరెక్టరుగారు దండలు మెళ్లో ఉండగానే కారెక్కి వెళ్లిపోయారు. బదిలీ కాగితం 'త్రివి' దగ్గర ఆగిపోయింది. ఒకసారి ఆగిన సంతకాన్ని కొనసాగించాలంటే కొత్తగా ఆమోదం తీసుకోవాలని ఆయనే రాసుకున్న రూలు ఒకటి ఉంది.

సోమరాజు, హైమావతి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. పరబ్రహ్మంగారు సాక్షి సంతకం పెట్టారు. పెళ్లి ఫోటోకి ముందు ఆయన ధైర్యం చేసి మిగిలిన సగం జుట్టూ కత్తిరించుకున్నారు. మెమో వస్తే రానీయమన్నారు. విచారణకి వేసిన అధికారి ఒకాయన పెళ్లి భోజనానికి వచ్చి, గారెలు తిని, విచారణలో మొదటి అడుగైన 'విచారించవలెనని తలచుట' పూర్తయిందని రాసుకుని వెళ్లాడు. ఆయన మళ్లీ రాలేదు.

పథకాన్ని చివరికి కూలదోసింది జీతాల సెక్షను. ఉత్తర్వులో అందరికీ వర్తిస్తుందని ఉంది కదా అని, అక్కడి గుమాస్తా ఒకాయన డైరెక్టరుగారి జీతాన్ని కూడా చిట్టి అడుగులుగా విభజించి, మొదటి అడుగు ఇచ్చి, రెండోదాన్ని ఆమోదానికి పంపాడు. త్రివిక్రమమూర్తిగారికి ఆ వారంలోనే పథకంలో లోపాలు కనిపించాయి. రద్దు చేయాలని ఆయనే రాశారు. అయితే ఏ పనైనా అడుగులుగా చేయాలన్న ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది. రద్దు అన్నది కూడా ఒక పనే.

కొన్నాళ్లకి రాజధాని నుంచి జిల్లా ఆఫీసుకి ఒక కవరు వచ్చింది. లోపల తెల్లకాగితం మీద ముద్ర, తేదీ, మధ్యలో 'ర' అన్న ఒకే ఒక్క అక్షరం ఉన్నాయి. 'ద్దు' అన్నది ఒత్తక్షరం కాబట్టి దాన్ని ఒక అడుగుగా చూడాలా, రెండుగా చూడాలా అన్నది పరిశీలనలో ఉందని కింద సన్నగా రాసి ఉంది.

హైమావతి దానిమీద అందినట్టు ముద్ర వేసింది. సోమరాజు పక్కన నిలబడి చూస్తున్నాడు.

"మిగతాది ఎప్పుడొస్తుందంటావు?" అన్నాడు.

ఆవిడ కాగితాన్ని ఫైల్లో అన్నిటికన్నా అడుగున పెట్టి, పైన మిగతావన్నీ సర్దింది.

"మనకెందుకండీ తొందర? అది పూర్తయిన రోజున ఆయన నా బదిలీ కాగితం మీద సంతకం కూడా పూర్తి చేస్తాడు" అంది.